సి.ఆర్. రావు జీవితం, పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్) చదివే ఏ విద్యార్థికైనా డిగ్రీ రెండో సంవత్సరం దాటేలోపు రావు అనే పేరు సూత్రాల్లో ఎదురవుతుంది. క్రామెర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, రావు స్కోర్ పరీక్ష అని వరుసగా పరిచయమయ్యే ఆ పేరు వెనుక ఉన్న మనిషి మన తెలుగువాడని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ సూత్రాలు ఏ అవసరంలోంచి పుట్టాయో పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు కనుక, విద్యార్థులూ ఉపాధ్యాయులూ తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ కొంత వివరంగా జవాబులు ఇస్తున్నాను.

ఆయన స్వస్థలం కర్ణాటకా, ఆంధ్రా?

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హడగలిలో జన్మించారు. ఆనాడు ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఇప్పుడు కర్ణాటకలో ఉంది. కుటుంబం మాత్రం తెలుగు కుటుంబమే. తండ్రి సి. దొరస్వామి నాయుడు పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు, తల్లి లక్ష్మీకాంతమ్మ. పదిమంది సంతానంలో ఎనిమిదవవాడు కావడంతో, దేవకీదేవి అష్టమ గర్భాన పుట్టిన కృష్ణుని తలచుకొని ఆ పేరు పెట్టారు. తండ్రికి బదిలీలు జరిగినప్పుడల్లా బడి మారేది. గూడూరు, నూజివీడు, నందిగామలలో కొన్నేళ్లు చదివాక, తండ్రి ఉద్యోగ విరమణ చేసి విశాఖపట్నంలో స్థిరపడడంతో పై చదువులన్నీ అక్కడే సాగాయి. అందువల్ల జన్మస్థలం కర్ణాటకకు, చదువు సంధ్యలు ఆంధ్రకు, పరిశోధన కలకత్తాకు చెందుతాయనడమే సరైన జవాబు.

చదువుపై ఆయనకు అంత శ్రద్ధ ఎలా కలిగింది?

ఈ విషయంలో ఆయన తల్లినే తలచుకునేవారు. తెల్లవారుజామున నాలుగు గంటలకే ఆమె తనను నిద్రలేపి, నూనె దీపం వెలిగించి, మనసు తేటగా ఉండే ఆ వేళలో చదువుకోమని కూర్చోబెట్టేదని, జ్ఞానతృష్ణ తనకు ఆమె పెట్టిన భిక్షేనని ఒక పుస్తకాన్ని అంకితమిస్తూ రాసుకున్నారు. విశాఖలోని ఎ.వి.ఎన్. కళాశాలలో చదివి, 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎం.ఎ. పట్టాను ప్రథమ శ్రేణిలో, ప్రథమ స్థానంలో అందుకున్నారు.

గణితం చదివినవారు సాంఖ్యక శాస్త్రంలోకి ఎలా వచ్చారు?

ఉద్యోగం దొరకకపోవడం వల్ల వచ్చారు. అది రెండో ప్రపంచ యుద్ధకాలం. సైన్యానికి చెందిన సర్వే విభాగంలో గణితజ్ఞుడి ఉద్యోగం ఉందని తెలిసి, ఇంటర్వ్యూ కోసం ఆయన కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అయితే తాను బస చేసిన చోటనే, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న ఒక దక్షిణాది వ్యక్తి పరిచయమయ్యారు. ఆయన వెంట వెళ్లి సంస్థను చూసిన రావు అక్కడ చేరాలని నిశ్చయించుకొని, 1941 జనవరి 1న శిక్షణ కోర్సులో చేరారు.

ఆ సంస్థ అప్పటికి పదేళ్లది కూడా కాదు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931 డిసెంబరులో స్థాపించిన ఆ సంస్థ ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్ర విభాగంలోని గదుల్లో నడిచేది. అయినా ఆర్.సి. బోస్, ఎస్.ఎన్. రాయ్ వంటి ప్రతిభావంతులు అక్కడ పనిచేస్తుండేవారు. ఆ ఏడాదే కలకత్తా విశ్వవిద్యాలయం సాంఖ్యక శాస్త్రంలో ఎం.ఎ. కోర్సు ప్రారంభించగా రావు మొదటి జట్టులోనే చేరి, 1943లో బంగారు పతకంతో పూర్తిచేశారు. తర్వాత ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూనే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన జీవితంలోని అతి ముఖ్యమైన ఘట్టానికి ఆ పాఠాలే కారణం.

1945 నాటి వ్యాసం గురించి అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో 1945లో అచ్చయిన ఆ వ్యాసం పదకొండు పుటలే. అప్పటికి రచయిత వయసు ఇరవై ఐదుకు మించదు, డాక్టరేట్ లేదు. అయినప్పటికీ ఆ కొద్ది పుటల్లో మూడు వేర్వేరు ఆలోచనలున్నాయి. మొదటిది తర్వాత క్రామెర్-రావు అసమానత అయింది, రెండోది రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అయింది, మూడోది నేడు సమాచార జ్యామితి అనే ఒక పూర్తి శాఖకు పునాది అయింది. ఒక్క వ్యాసంలో ఇలాంటి ఆలోచన ఒకటి ఉన్నా ఆ రచయిత పేరు నిలిచిపోయేది.

దాని పుట్టుక గురించి రావు స్వయంగా చెప్పిన సంగతి ఉపాధ్యాయులందరూ తెలుసుకోదగినది. 1944లో ఆయన తరగతిలో బ్రిటిష్ సాంఖ్యక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ ఫలితం ఒకటి బోధిస్తున్నారు. నమూనా పరిమాణం అనంతంగా పెరిగినప్పుడు ఏ అంచనా విస్తృతికైనా, అంటే ఆ అంచనా ఎంత చెదురుగా ఉంటుందో చెప్పే కొలతకైనా, ఒక కనీస హద్దు ఉంటుందని ఆ ఫలితం చెబుతుంది. అప్పుడు ఒక విద్యార్థి లేచి, పరిమితమైన నమూనాకు కూడా ఇలాంటి హద్దును నిరూపించవచ్చు కదా అని అడిగాడు. జవాబు తెలియని రావు ఇంటికి వెళ్లి ఆ రాత్రి కూర్చొని దాన్ని నిరూపించి, మర్నాడు తరగతిలో చెప్పారు. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి వి.ఎం. దాండేకర్, తర్వాతి కాలంలో భారతదేశంలో పేదరికంపై చేసిన అధ్యయనాలతో ప్రసిద్ధి చెందిన ఆర్థికవేత్త ఆయనే.

క్రామెర్-రావు అసమానత చెప్పేదేమిటి?

ఒక నాణేన్ని వందసార్లు ఎగరేసి, బొమ్మ పడే సంభావ్యతను అంచనా వేయాలనుకుందాం. బొమ్మలు ఎన్నిసార్లు పడ్డాయో లెక్కించి వందతో భాగించడం అందరికీ తోచే పద్ధతి. ఇంతకంటే తెలివైన సూత్రం ఏదైనా ఉంటుందా, అదే సమాచారం నుంచి మరింత కచ్చితమైన జవాబు రాబట్టగలమా అనే సందేహం సహజంగా కలుగుతుంది. సగటున సరైన విలువనే ఇచ్చే ఏ నిష్పాక్షిక సూత్రాన్ని తీసుకున్నా, దాని విస్తృతి p(1−p)/n కంటే తగ్గడం అసాధ్యమని ఈ అసమానత చెబుతుంది. నాణెం సమంగా ఉన్నదైతే, వంద ప్రయోగాలకు ఆ హద్దు 0.0025, అంటే ప్రామాణిక విచలనం (విస్తృతికి వర్గమూలం) 0.05. మామూలు నిష్పత్తి సరిగ్గా ఆ హద్దునే అందుకుంటుంది కనుక అంతకంటే మెరుగైన నిష్పాక్షిక సూత్రం కోసం వెతకనక్కరలేదని తేలిపోతుంది.

హద్దును నిర్ణయించేది ఫిషర్ సమాచారం. పరామితి, అంటే మనం అంచనా వేయదలచిన తెలియని విలువ, కాస్త మారినప్పుడు దత్తాంశపు సంభావ్యత ఎంత చురుగ్గా స్పందిస్తుందో ఆ రాశి కొలుస్తుంది. స్పందన ఎక్కువైతే సమాచారం ఎక్కువ, హద్దు తక్కువ. రాడార్ సంకేతాల నుంచి దూరాన్ని అంచనా వేసే ఇంజనీర్లు మొదలుకొని క్వాంటం కొలతలు చేసే భౌతిక శాస్త్రవేత్తల వరకు తమ పరికరం చేరుకోగల అత్యుత్తమ కచ్చితత్వాన్ని తెలుసుకోవడానికి ఈ హద్దునే లెక్కగడతారు.

పరీక్షల్లో విద్యార్థులు తరచుగా తప్పు చేసే చోటు ఒకటుంది. ఈ అసమానత కొన్ని షరతులకు లోబడే పనిచేస్తుంది. సున్నా నుంచి θ వరకు అన్ని విలువలకూ సమాన అవకాశం ఉండే ఏకరూప విభాజనంలో చలరాశి వ్యాప్తి θ మీదే ఆధారపడుతుంది కాబట్టి అక్కడ ఈ హద్దు వర్తించదు. నమూనాలోని గరిష్ఠ విలువను (n+1)/n తో గుణిస్తే వచ్చే నిష్పాక్షిక అంచనా విస్తృతి θ²/[n(n+2)]. అది 1/n వేగంతో కాక దాదాపు 1/n² వేగంతో తగ్గుతుంది. షరతులను పరిశీలించకుండా సూత్రాన్ని ప్రయోగించకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

క్రామెర్, బ్లాక్‌వెల్‌లతో కలిసి ఆయన పనిచేశారా?

లేదు. స్వీడన్ గణితవేత్త హరాల్డ్ క్రామెర్ ఇదే అసమానతను స్వతంత్రంగా కనుగొని, 1946 నాటి తన గ్రంథంలో ప్రచురించారు. యుద్ధం వల్ల పరిశోధనా పత్రికలు ఒక దేశం నుంచి మరో దేశానికి చేరని రోజులవి. ఫ్రాన్సులో ఫ్రెషే 1943లోనే దీనికి దగ్గరి ఫలితాన్ని రాబట్టారు. రెండో సిద్ధాంతంలోని డేవిడ్ బ్లాక్‌వెల్ అమెరికన్. ఆయన 1947లో దాన్ని స్వతంత్రంగా నిరూపించారు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైన తొలి నల్లజాతి శాస్త్రవేత్త కూడా ఆయనే.

రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతాన్ని సులువుగా ఎలా అర్థం చేసుకోవాలి?

మళ్లీ నాణెం దగ్గరికే వద్దాం. పదిసార్లు ఎగరేశాక, ఒకరు బద్ధకించి మొదటి ఫలితాన్ని మాత్రమే చూసి, బొమ్మ పడితే 1 అని, బొరుసు పడితే 0 అని అంచనా చెప్పారనుకుందాం. ఇది నిష్పాక్షికమే కానీ చాలా నాసిరకం. ఇప్పుడు మొత్తం బొమ్మల సంఖ్య 7 అని తెలిస్తే, ఆ ఏడు బొమ్మల్లో ఒకటి మొదటి స్థానంలోనే పడి ఉండే సంభావ్యత ఎంత? 7/10. అంటే నాసిరకపు అంచనాకు, మొత్తం తెలిసిన షరతు మీద సగటు తీసుకోగానే, మనకు తెలిసిన చక్కని నిష్పత్తి దానంతట అదే వచ్చేసింది. విస్తృతి పదో వంతుకు పడిపోయింది. పరామితికి సంబంధించిన సమాచారాన్నంతా తనలో ఇముడ్చుకున్న పర్యాప్త రాశి మీద షరతు పెట్టి ఏ నిష్పాక్షిక అంచనాకు సగటు తీసుకున్నా అది మెరుగవుతుందే తప్ప చెడిపోదు. నేను చూసినంతలో, తరగతిలో ఈ ఒక్క లెక్క చేసి చూపిస్తే చాలు, సిద్ధాంతం విద్యార్థి మనసులో నిలిచిపోతుంది.

మూడో ఆలోచన అయిన సమాచార జ్యామితి సంగతేమిటి?

రెండు సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని ఎలా కొలవాలన్నది ఇక్కడి ప్రశ్న. 0.50కి, 0.51కి మధ్య తేడా 0.01. 0.01కి, 0.02కి మధ్య తేడా కూడా అంతే. కానీ మొదటి జంటను దత్తాంశం ద్వారా వేరుచేయడం కష్టం, రెండో జంటను వేరుచేయడం చాలా తేలిక. రావు ఫిషర్ సమాచారాన్నే కొలబద్దగా వాడి దూరాన్ని నిర్వచించారు. ఆ లెక్కన మొదటి జంట మధ్య దూరం 0.02, రెండో జంట మధ్య దూరం సుమారు 0.083, అంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. వక్ర తలాల మీద దూరాలు కొలిచే రీమాన్ జ్యామితిని ఒక యువకుడు 1945లో సాంఖ్యక శాస్త్రంలోకి తీసుకురావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే విషయం. జపాన్‌కు చెందిన షునిచి అమారి తదితరులు దశాబ్దాల తర్వాత దీన్ని విస్తృతంగా అభివృద్ధి చేశారు. నేడు యంత్ర అభ్యసనం (మెషిన్ లెర్నింగ్)లోనూ ఇది ఉపయోగపడుతోంది.

కేంబ్రిడ్జికి డాక్టరేట్ కోసమే వెళ్లారా?

నిజానికి ఎముకలు కొలవడానికి వెళ్లారు. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట హెన్రీ వెల్కమ్ జరిపించిన తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన అస్థిపంజరాలు కేంబ్రిడ్జి మ్యూజియంలో ఉండేవి. ఆ ప్రజలు ఏ జనసమూహాలకు దగ్గరివారో తేల్చడానికి పరస్పర సంబంధం ఉన్న అనేక కొలతల ఆధారంగా రెండు సమూహాల మధ్య తేడాను లెక్కగట్టే మహలనోబిస్ దూరం అనే పద్ధతి తెలిసినవారు కావాలని మ్యూజియం కోరడంతో, 1946లో రావును పంపారు. ఒక్కొక్క కపాలానికీ పొడవు, వెడల్పు వంటి ఎన్నో కొలతలుంటాయి. అవి పరస్పరం సంబంధం కలిగి ఉంటాయి. కొన్ని ఎముకలు విరిగిపోయి కొలతలు దొరకవు. ఇన్ని చిక్కుల మధ్య రెండు సమూహాలను ఎలా పోల్చాలన్న ప్రశ్న నుంచే బహుచలరాశి విశ్లేషణలో ఆయన చేసిన కృషి ఎదిగింది.

పనిచేస్తూనే కింగ్స్ కళాశాలలో చేరి, ఫిషర్ పర్యవేక్షణలో 1948లో పిహెచ్.డి. పొందారు. జీవసంబంధమైన వర్గీకరణలో ఎదురయ్యే సాంఖ్యక సమస్యలే సిద్ధాంత గ్రంథానికి విషయం. ఫిషర్ అప్పుడు జన్యుశాస్త్ర ఆచార్యుడు కావడం వల్ల, ఆయన ప్రయోగశాలలో ఎలుకల జన్యువుల మీద కూడా రావు పనిచేశారు. ఒక పరికల్పన దత్తాంశానికి సరిపోతుందో లేదో తేల్చే స్కోర్ పరీక్షను ప్రతిపాదించిన వ్యాసం వెలువడింది కూడా 1948లోనే. ఆర్థికశాస్త్రం చదివేవారు లాగ్రాంజ్ గుణక పరీక్ష అని పిలిచేది దీన్నే.

పరిశ్రమలకూ వ్యవసాయానికీ ఆయన పరిశోధన ఎలా ఉపయోగపడింది?

ఆర్థోగొనల్ ఎర్రేల ద్వారా. ఒక రైతు రెండు రకాల విత్తనాలు, రెండు మోతాదుల ఎరువు, రెండు రకాల నీటి తడులు పరీక్షించాలనుకుంటే మొత్తం ఎనిమిది కలయికలవుతాయి. కానీ (1,1,1), (1,2,2), (2,1,2), (2,2,1) అనే నాలుగు మడులు చాలు. ఏ రెండు అంశాలను తీసుకున్నా వాటి నాలుగు జతలూ సరిగ్గా ఒక్కొక్కసారి వస్తాయి కాబట్టి, అంశాలు ఒకదాని ప్రభావాన్ని మరొకటి మార్చనంతవరకు, ఒక్కొక్క అంశం ప్రభావాన్నీ విడివిడిగా అంచనా వేయవచ్చు. అంశాలు పెరిగేకొద్దీ లాభం ఎంతో ఎక్కువ: రెండేసి స్థాయులున్న ఏడు అంశాలకు 128 కలయికలుండగా ఎనిమిది ప్రయోగాలు సరిపోతాయి. రావు 1940ల్లో ప్రచురించిన ఈ నిర్మాణాలను తర్వాత జపాన్ ఇంజనీరు గెనిచి తగుచి వస్తువుల నాణ్యతను పెంచే పద్ధతుల్లో విరివిగా ఉపయోగించి ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చారు. తగుచి 1950ల్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి కొంతకాలం గడిపారు కూడా.

ఆయనను గణితవేత్త అనాలా, సాంఖ్యక శాస్త్రవేత్త అనాలా?

రెండూ సరైనవే. విలోమం లేని మాత్రికలకు సాధారణీకృత విలోమాన్ని నిర్వచించి, సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో దాని మీద పూర్తి గ్రంథం రాశారు, అది బీజగణితమే. అయితే ఆ అవసరం కలిగింది మాత్రం దత్తాంశానికి అతి దగ్గరగా సరిపోయే విలువలను వెతికే కనిష్ఠ వర్గాల పద్ధతిలో సమీకరణాలకు ఏకైక సాధన దొరకని సందర్భంలో. ఆయన గణితం దాదాపు ప్రతిసారీ ఎవరో తెచ్చిన కొలతల దగ్గర మొదలవుతుంది. గణితం లేని సాంఖ్యక శాస్త్రాన్ని గాని, దత్తాంశాన్ని ముట్టని సాంఖ్యక శాస్త్రాన్ని గాని ఆయన పనిలో వెతికినా కనబడదు.

ఈ శాస్త్రం ఎంత నిత్యజీవితానికి దగ్గరో చెప్పడానికి ఆయన వివరించిన ఒక సంఘటన ఉంది. 1947లో ఢిల్లీ అల్లర్ల సమయంలో ఎర్రకోటలో వేలాదిమంది తలదాచుకున్నారు. వారికి భోజనం పెట్టే కాంట్రాక్టర్లు పెద్ద పెద్ద బిల్లులు పంపుతున్నారు గానీ, లోపల ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియదు. లోనికి వెళ్లి లెక్కించే వీలూ లేదు. ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జె.ఎం. సేన్‌గుప్తా ఆ బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు పరిమాణాలను మనిషికి రోజుకు పట్టే సగటు పరిమాణాలతో భాగించి చూశారు. మూడింటి నుంచీ ఒకే సంఖ్య రావాలి. కానీ బియ్యం లెక్కన జనం ఎక్కువగా, ఉప్పు లెక్కన చాలా తక్కువగా వచ్చారు. ఉప్పు చౌక గనుక దాని పరిమాణాన్ని పెంచి రాయడం వల్ల కాంట్రాక్టరుకు లాభం లేదు. అందుకే ఉప్పు చెప్పిన సంఖ్యనే నమ్మారు.

గురువుగా ఆయన స్థానం ఏమిటి?

బోస్, రాయ్ 1950 నాటికి అమెరికా వెళ్లిపోయినప్పుడు, ఇన్‌స్టిట్యూట్ పరిశోధన, శిక్షణ విభాగం బాధ్యత ముప్పై ఏళ్లు కూడా నిండని రావు మీద పడింది. ఆయన దగ్గర పరిశోధన చేసిన దేబబ్రత బసు పేరున బసు సిద్ధాంతం ఉంది. 1950ల చివర ఇన్‌స్టిట్యూట్‌లో కలిసి పనిచేసిన ఆర్. రంగారావు, కె.ఆర్. పార్థసారథి, వి.ఎస్. వరదరాజన్, ఎస్.ఆర్.ఎస్. వరదన్ సంభావ్యతా సిద్ధాంతంలోకి స్వేచ్ఛగా వెళ్లారు. విద్యార్థి తన అభిరుచిని వెతుక్కొనే స్వేచ్ఛ ఇవ్వడం రావులోని పెద్ద గుణమని నా అభిప్రాయం. సంస్థాధిపతి తన విషయం మీదనే అందరూ పనిచేయాలని పట్టుబట్టి ఉంటే ఆ నలుగురి గణితం మనకు దక్కేది కాదు. రావు పర్యవేక్షణలోనే పట్టా పొందిన వరదన్ సిద్ధాంత గ్రంథాన్ని రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ పరీక్షించారు. ఆయన 1962లో స్వయంగా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. వరదన్‌కు 2007లో గణితంలోని అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఏబెల్ బహుమతి లభించింది.

అమెరికా ఎందుకు వెళ్లారు?

మహలనోబిస్ 1972లో మరణించాక ఇన్‌స్టిట్యూట్‌కు సంచాలకులుగా ఉండి, 1976లో ఆ బాధ్యతల నుంచి తప్పుకొని పరిశోధనకే పరిమితమయ్యారు. అరవై ఏళ్లు సమీపిస్తుండగా 1979లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ మరో తెలుగువారైన పి.ఆర్. కృష్ణయ్యతో కలిసి బహుచలరాశి విశ్లేషణ కేంద్రంలో పనిచేశారు. 1987లో కృష్ణయ్య మరణించాక, 1988లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి మారారు. మన దగ్గర విశ్రాంతి తీసుకోమని చెప్పే వయసు తర్వాత ఆయన మరో ఇరవై ఏళ్లకు పైగా పూర్తిస్థాయి పరిశోధన చేశారు.

ఆయనకు నోబెల్ వచ్చిందా?

సాంఖ్యక శాస్త్రానికి నోబెల్ బహుమతి లేదు. 2023లో ఆయనకు లభించిన అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతిని పత్రికలు ఆ రంగపు నోబెల్‌గా వర్ణించడం వల్ల ఈ సందేహం కలుగుతోంది. 80,000 డాలర్ల ఆ బహుమతి 1945 నాటి వ్యాసాన్ని ప్రధానంగా ప్రస్తావిస్తూ, అది వెలువడిన 78 ఏళ్లకు వచ్చింది. అంతకుముందే 1963లో భట్నాగర్ పురస్కారం, 1967లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2002లో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ చేతులమీదుగా ఆ దేశపు జాతీయ విజ్ఞాన పతకాన్ని స్వీకరించారు. బహుమతి ప్రకటన వెలువడిన కొద్ది నెలలకే, 2023 ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు.

హైదరాబాదుతో ఆయనకు సంబంధం ఉందా?

హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట గణితం, సాంఖ్యకం, కంప్యూటర్ శాస్త్రాల ఉన్నత పరిశోధనా సంస్థ 2007లో ఏర్పడింది. గచ్చిబౌలి వైపు విశ్వవిద్యాలయం పక్కగా సాగే రహదారికి ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు అని పేరు పెట్టారు. ఆ దారిన రోజూ కంప్యూటర్ సంస్థలకు వెళ్లే యువతలో చాలామంది చేసే దత్తాంశ విశ్లేషణ ఆ పేరుగల మనిషి సూత్రాల మీద నడుస్తున్నదేనని వారికి ఎవరైనా చెప్పాలి.

ఆయన రచనలు చదవాలనుకునే విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి?

1965లో వెలువడిన ‘లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్’ ఆయన ప్రధాన గ్రంథం; కానీ అది పీజీ స్థాయి దాటినవారికే కొరుకుడు పడుతుంది. నా సలహా 1945 వ్యాసాన్నే చదవమని. ‘బ్రేక్‌త్రూస్ ఇన్ స్టాటిస్టిక్స్’ అనే సంకలనం మొదటి సంపుటంలో దాన్ని తిరిగి ముద్రించారు కనుక పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతుంది. అవకలనం, సమాకలనం, కోషీ-ష్వార్జ్ అసమానత తెలిసిన బి.ఎస్సీ. విద్యార్థి అందులోని మొదటి నిరూపణను ఒక సాయంత్రం కూర్చొని, కాగితం మీద అడుగడుగూ రాసుకుంటూ పూర్తిగా అర్థం చేసుకోగలడు. దూరాల గురించిన చివరి భాగాన్ని రీమాన్ జ్యామితి కొంత నేర్చుకున్న తర్వాత చదవడం మంచిది.